గాజు కాని గాజుకప్పు – విమాన నిర్మాతల కరదీపికపై ఒక విమర్శ

మెదక్ పట్టణమునకు చేరువనున్న హవేలిఘనపూర్‌లో ఉపాధ్యాయులు కాగోరు యువతీయువకులకు తరిఫీదునిచ్చు జిల్లా విద్యా శిక్షణ సంస్థ కలదు. పదార్థములు వేడికి వ్యాకోచించుననియు, చల్లదనమునకు సంకోచించుననియు రేపు పిల్లలకు బోధింపవలసినవారు వీరే. ఆ పాఠమునకు మన పాఠ్యపుస్తకములలో తరతరములుగా రెండు ఉదాహరణములు వచ్చుచున్నవి. మొదటిది రైలుపట్టాల నడుమ వదలు సందు. రెండవది ఎడ్లబండి చక్రమునకు కాల్చి తొడుగు ఇనుప పట్టా. మొదటి ఉదాహరణము నేటి ప్రధాన మార్గములలో చాలవరకు కనబడదు. పట్టాలను పొడుగున అతికి వేయుచున్నారు. రెండవదానిని చూచిన పిల్లలు నానాటికి తగ్గుచున్నారు. పాఠము నిత్యసత్యమే, ఉదాహరణములు మాత్రము పాతబడినవి.

దుండిగల్ వైమానిక దళ అకాడమీ నుండి లేచిన శిక్షణ విమానములు మెదక్ జిల్లా ఆకాశమున కనబడుట కలదు. చప్పుడు వినగానే పిల్లలు తల పైకెత్తి చూతురు. అట్టి చిన్న విమానములలో చోదకుని తలపై మెరయు పారదర్శకమైన కప్పును కానోపీ అందురు. దూరమునుండి అది గాజువలె తోచును. సాధారణముగా అది గాజు కాదు, ఆక్రిలిక్ అను ప్లాస్టిక్. ఈ కప్పును చట్రమునకు అమర్చి, గాలియు వాననీరును చొరకుండ అంచులను మూయుటలో పై పాఠమంతయు ఇమిడియున్నది. కావున ఈ పనిని గూర్చి వ్రాసిన పుస్తకములు ఎంతవరకు చెప్పినవి, ఎక్కడ ఆగిపోయినవి అని పరిశీలించుట ఉపాధ్యాయునకు నిష్ప్రయోజనము కాదు.

ఇంటిలో విమానమా?

విమానమును కర్మాగారములో గాక ఇంటివద్ద స్వయముగా నిర్మించుకొనువారు పెక్కు దేశములలో కలరు. అమెరికాలో 1953లో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇట్టివారి సంఘమే. అక్కడ ఒక్క వాన్స్ సంస్థ అమ్మిన సామగ్రితో ఔత్సాహికులు నిర్మించి ఎగురవేసిన విమానములే పదివేలకు మించినవి. మన దేశమున ముంబయిలో అమోల్ యాదవ్ అను విమానచోదకుడు తన ఇంటి మేడమీద నిర్మించిన విమానము 2016లో 'మేక్ ఇన్ ఇండియా' ప్రదర్శనమునకు వచ్చినది. 2017లో దానికి రిజిస్ట్రేషను లభించినది.

ఇట్టి నిర్మాతలు రెక్కలకు, తోకకు భయపడరు. రేకు కత్తిరించి రివెట్లు కొట్టుట అభ్యాసముచే వచ్చును. వారికి చెమటలు పట్టించునది కానోపీ. అది పెద్ద బుడగవలె, చుట్టు అదనపు అంచుతో వచ్చును. ఆ అంచును కొద్దికొద్దిగా కోసి, చట్రముపై పెట్టి చూచి, మరల తీసి కోసి, చివరకు సరిపోవునట్లు చేయవలెను. తరువాత పదుల సంఖ్యలో రంధ్రములు తొలిచి బిగింపవలెను. రేకు చెడిన ఇంకొక రేకు తెచ్చుకొనవచ్చును. కానోపీ ఒక్కచోట బీటవారిన ఎంతో ధనముతో పాటు నెలల శ్రమయు వ్యర్థమగును. గగనతలమున బీటవారినచో నష్టము ధనముతో ఆగదు.

కరదీపిక గుణములు

ఈ పనిలో నిర్మాతలు తరచుగా తెరచు ప్రామాణిక గ్రంథము అమెరికా ప్రభుత్వపు పౌర విమానయాన శాఖ 1998లో ప్రకటించిన 43.13-1బి అను సలహా పత్రము. పేరునకు పత్రమే గాని అది పెద్ద గ్రంథము. నిజమునకు అది మరమ్మతు పనివారికై వ్రాయబడినది. కొత్తగా విమానమును నిర్మించువారికై కాదు. అయినను కొయ్య, గుడ్డ, లోహము, ప్లాస్టిక్ అన్నిటికిని అంగీకృతమైన పద్ధతులు ఒక్కచోట దొరకుటచే నిర్మాతలకు అది కరదీపిక అయినది.

పారదర్శక ప్లాస్టిక్‌లను గూర్చి ఆ గ్రంథము చెప్పు మాటలు క్లుప్తములు, స్పష్టములు. పలకను బలవంతముగా వంచి చట్రములో ఇరికింపరాదు. మరలు దూర్చు రంధ్రమును మర కంటె అంగుళములో ఎనిమిదవ వంతు వెడల్పుగా తొలిచి, మర సరిగా నడుమ నుండునట్లు చూడవలెను. నట్టును గట్టిగా తాకువరకు బిగించి, పిమ్మట ఒక పూర్తి చుట్టు వెనుకకు త్రిప్పవలెను. శుభ్రపరచుటకు సబ్బునీరు వాడవలెను. పెట్రోలు, ఆల్కహాలు, అసిటోను, బెంజీను, గాజు తుడుచు ద్రవములు తగులనీయరాదు. పొడిగుడ్డతో రుద్దరాదు.

వీనిలో ఒక్కటియు తప్పు కాదు. ప్రతి నియమము వెనుకను ఎన్నో పగిలిన పలకల అనుభవము కలదు. మాటలు తక్కువ, ఆజ్ఞలు సూటి. చేతులకు నూనె అంటిన పనివాడు ఒక్క చూపులో గ్రహింపగలడు. ఈ గుణములను మెచ్చుకొనియే దోషములను చెప్పవలెను.

లెక్క చూపని సంఖ్య

మొదటి దోషము ఆ ఎనిమిదవ వంతు అంగుళమే. ప్లాస్టిక్ లోహము కంటె హెచ్చుగా వ్యాకోచించుననుట సాధారణముగా ఇట్టి గ్రంథములన్నియు చెప్పునదే. కాని ఈ సంఖ్య ఏ పొడవునకు, ఏ ఉష్ణోగ్రతా భేదమునకు సరిపోవునో లెక్కవేసి చూపుట లేదు. ఆ లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థి చేయదగినదే.

ఒక డిగ్రీ సెల్సియస్ వేడికి మీటరు పొడవుగల ఆక్రిలిక్ సుమారు 0.07 మి.మీ. పెరుగును. అల్యూమినియము 0.023 మి.మీ., ఉక్కు 0.012 మి.మీ., మామూలు గాజు 0.009 మి.మీ. మాత్రమే పెరుగును. అనగా ఆక్రిలిక్ పెరుగుదల అల్యూమినియమునకు మూడు రెట్లు. గాజునకు సుమారు ఎనిమిది రెట్లు.

హవేలిఘనపూర్‌లో మే నెలలో ఒకడు రేకుల షెడ్డులో కానోపీని అమర్చుచున్నాడనుకొందము. షెడ్డులో వేడి 40 డిగ్రీలు. కానోపీ పొడవు 1.5 మీటర్లు, చట్రము అల్యూమినియము. అతడు రంధ్రములను మరలకు సరిగా సరిపోవునట్లు తొలిచి గట్టిగా బిగించినాడు. డిసెంబరులో భూమిపై 10 డిగ్రీలున్న తెల్లవారుజామున ఆ విమానము 2300 మీటర్ల ఎత్తునకు పోయినది. కిలోమీటరునకు సగటున 6.5 డిగ్రీల చొప్పున తగ్గిన, అచ్చట ఉష్ణోగ్రత సున్నకు 5 డిగ్రీలు దిగువ. మొత్తము భేదము 45 డిగ్రీలు.

ఆక్రిలిక్ కుదించుకొనవలసినది: 1.5 × 0.07 × 45 = 4.7 మి.మీ. అల్యూమినియము కుదించుకొనునది: 1.5 × 0.023 × 45 = 1.55 మి.మీ. భేదము సుమారు 3.2 మి.మీ. నడుమభాగము కదలదనుకొనిన, ఒక్కొక్క చివర 1.6 మి.మీ. చలనమునకు తావుండవలెను.

ఇప్పుడు కరదీపిక సంఖ్యను చూడుడు. అంగుళములో ఎనిమిదవ వంతు 3.2 మి.మీ. రంధ్రము వ్యాసము అంత పెద్దదైన, నడుమనున్న మర చుట్టు ప్రతివైపున 1.6 మి.మీ. ఖాళీ ఉండును. మనకు వచ్చిన సంఖ్యయు అదే. కరదీపిక నియమము మన ఊహాకల్పిత కానోపీకి అక్షరాల సరిపోయినది.

అట్లయిన దోషమేమి? కానోపీ పొడవు 2.5 మీటర్లయిన ఒక్కొక్క చివర చలనము 2.6 మి.మీ. అగును. అప్పుడు అదే నియమమును భక్తితో పాటించినవాని కానోపీయు మరలకు తట్టుకొని బీటవారవచ్చును. అర మీటరు కిటికీకి ఆ ఖాళీ అవసరమునకు మించినది. సంఖ్యను మాత్రమే నేర్చినవానికి ఈ భేదము తెలియదు. కారణమును నేర్చినవాడు తన కొలత తానే వేసికొనును. పనివానికి సిద్ధాంతమెందుకని కొందరు వాదింతురు. సిద్ధాంతమును పుటలకొలది వ్రాయనక్కరలేదు. పైన చూపిన గుణకార మొక్కటి చాలును.

వేడిగదియు చల్లని ఆకాశమును

రెండవ దోషము ఇంతకంటె సూక్ష్మమైనది. ఈ ఒక్క పత్రమునకే గాక నిర్మాతల సాహిత్యమునకంతకును చెందినది. ఆక్రిలిక్ చల్లబడిన కొలది పెళుసగును గనుక వెచ్చని గదిలోనే కోయవలెను, తొలువవలెను అని నిర్మాతలకు సలహా ఇత్తురు. సలహా మంచిదే. కాని వేడిలో బిగించినది చల్లదనములో ఏమగును?

ఎడ్లబండి చక్రమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఇనుప పట్టాను ఎఱ్ఱగా కాల్చి కొయ్య చక్రముపై తొడిగి నీరు పోయుదురు. పట్టా కుదించుకొని చక్రమును పట్టుకొనును. పట్టాలో నిలిచిన లాగుడు బలమే ఆ పట్టునకు కారణము. ఇనుము సాగగలది గనుక ఆ బలమును ఓర్చుకొనును. వేడి షెడ్డులో గట్టిగా బిగించిన కానోపీ చల్లబడినప్పుడు జరుగునదియు అదే; కాని ఆక్రిలిక్ ఇనుము కాదు. ఏ నియమము బండిచక్రమును నిలుపుచున్నదో ఆ నియమమే కానోపీని చీల్చుచున్నది. చలిలో బిగించి ఎండలో నిలిపినచో విపరీతము జరుగును: పలక నొక్కుకొని ఉబ్బును, అంచులు లేచును, కాని వెంటనే చీలదు. కావున వెచ్చని గదిలో తొలువుడని చెప్పిన చోటనే, తొలిచిన రంధ్రము వదులుగా ఉండవలెననియు, వేడిలో బిగించుటయే చలిలో చీలుటకు కారణమగుననియు ఒక్క వాక్యము చేర్పవలెను. రెండు నియమములు వేరువేరు పుటలలో నుండిన పాఠకుడు వానిని కలుపుకొనలేడు.

పదవ వంతు బలమునకే ఏల చీలును?

ఇక్కడ తెలివిగల విద్యార్థి ఒక ఆక్షేపణ చేయవచ్చును. 1.5 మీటర్లకు 3.2 మి.మీ. అనగా వికృతి 0.0021. ఆక్రిలిక్ యంగ్ గుణకము చదరపు సెంటీమీటరునకు సుమారు 30,000 కిలోగ్రాములు. రెంటిని హెచ్చవేసిన ప్రతిబలము సుమారు 63 కిలోగ్రాములు. ఆక్రిలిక్ తెగుటకు సుమారు 700 కిలోగ్రాములు కావలెను. పదవ వంతు కూడ లేని బలమునకు పలక ఏల చీలును?

సమాధానము రంధ్రము అంచున కలదు. లాగబడిన పలకలో గుండ్రని రంధ్రము అంచువద్ద ప్రతిబలము మూడు రెట్లగునని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లో గణించి చూపెను. అంచు నునుపుగా లేక చిన్న గంటు పడియున్న ఇంకను హెచ్చును. గంటు లోతును దాని మొన గుండ్రదనపు వ్యాసార్ధముతో భాగించి, వర్గమూలము తీసి, రెట్టించి, ఒకటి కలుపవలెనని 1913లో ఇంగ్లిస్ చూపిన సూత్రము. ఒక మి.మీ. లోతుగల గంటు మొన వ్యాసార్ధము 0.01 మి.మీ. అయిన, భాగఫలము 100, వర్గమూలము 10, ఫలితము 21 రెట్లు. 63ను 21తో హెచ్చవేయుడు: 1,300 దాటును. పలక చీలక మానదు.

ఈ లెక్క తెలిసినవానికి పనిలోని నియమములన్నియు ఒక్కసారిగా అర్థవంతములగును. లోహమునకు వాడు మామూలు తొలిపిన ముల్లు ప్లాస్టిక్‌ను పట్టి లాగి గంటు పెట్టును. కావున దాని అంచు వాలును మార్చవలెను. కోసిన అంచును సన్నని గరుకు కాగితముతో గాట్లు మాయువరకు రుద్దవలెను. రుద్దుట అందమునకు కాదు. గంటు మొన వ్యాసార్ధమును పెంచుటకు.

ద్రావకముల సంగతియు ఇట్టిదే. లాగుడులోనున్న ఆక్రిలిక్‌పై ఆల్కహాలు గాని అసిటోను గాని పడిన, సన్నని వెండిగీతలవంటి జాలిపగుళ్లు లేచును. ద్రవము అణుశృంఖలముల నడుమ చొచ్చి వాని పరస్పరాకర్షణను సడలించును. లాగుడు ఆ సడలిన చోటులను విడదీయును. లాగుడు లేని ముక్కపై అదే చుక్క అంత హాని చేయదు. కరదీపిక ద్రావకముల పట్టికను ఒకచోట, బిగింపు నియమములను మరియొకచోట ఇచ్చినది. రెండును ఒకే నేరమునకు తోడుదొంగలని చెప్పియుండవలసినది.

మూయుట అనగా నేమి?

కప్పును నిలుపుట ఒక పని. సందులు మూయుట మరియొక పని. మరను ఒక చుట్టు వెనుకకు త్రిప్పుడన్న నియమము ఈ భేదమును సూచించుచున్నది. అంగుళమునకు 32 మరచుట్లుగల మరను ఒక చుట్టు వదలిన 0.8 మి.మీ. సందు ఏర్పడును. కొత్త నిర్మాత వానకు భయపడి ఆ సందును మరల బిగించివేయును. అప్పుడు నియమము పోయినట్లే. మర నిలుపుటకే, మూయుట రబ్బరుది. ఈ విభజనను సూటిగా చెప్పని పుస్తకము తన నియమమును తానే బలహీనపరచుకొనుచున్నది.

ఎగురుచున్న విమానమున గాలి కానోపీని పైనుండి నొక్కుననుకొనుట పొరపాటు. వంపుపై వడిగా పారు గాలి పీడనము తగ్గును. లోపలి గాలి కప్పును బయటికి త్రోయును. గంటకు 180 కిలోమీటర్లు, అనగా సెకనుకు 50 మీటర్ల వేగమున గాలి గతిపీడనము చదరపు మీటరునకు సుమారు 1,530 న్యూటన్లు. దానిలో సగము మాత్రమే పైకి పీల్చునదిగా తీసికొనినను, ఒక చదరపు మీటరు కప్పుపై దాదాపు 78 కిలోగ్రాముల బలము. ఒక మనిషి బరువు! కానోపీ గొళ్లెము సరిగా పడకున్న ఏమగునో చెప్పనక్కరలేదు. అంచున పెట్టిన రబ్బరు మితిమీరి మందమైనచో కప్పును పైకెత్తి గొళ్లెమును సగమే పడనిచ్చును. నీరు రాకుండ చేయబోయి తలుపు ఊడునట్లు చేసినవాడగును.

ఇంకొక ప్రమాదము కంటికి కనబడనిది. పై సందులనుండి లోపలి గాలి పీల్చబడిన, విమానము లోపల పీడనము తగ్గును. ఆ లోటును పూరించుటకు క్రింది సందులనుండి, తోకవైపునుండి గాలి చొచ్చును. ఆ గాలితో ఇంజను విడిచిన పొగ కలిసియుండిన, అందులోని కార్బన్ మోనాక్సైడు చోదకుని మైకములో ముంచును. దానికి రంగు లేదు, వాసన లేదు. కానోపీ అంచు మూయుట చలికి, చప్పుడునకు మాత్రమే సంబంధించిన సౌకర్యమని తలచు నిర్మాత ఈ సంగతి ఎరుగవలెను. సాధారణముగా పుస్తకములు పొగను ఇంజను ప్రకరణములో, రబ్బరును కానోపీ ప్రకరణములో చర్చించి వదలును.

ఈ కాలమున కొందరు మరలను మానివేసి సాగెడు పాలీయురేథేను జిగురుతో కప్పును అతికించుచున్నారు. రంధ్రము లేదు గనుక గంటు లేదు. బలము అంచు పొడవున పంచబడును. కాని జిగురు పొర పలుచనైన పనికిరాదు. చివర 1.6 మి.మీ. చలనమున్నచోట 3 మి.మీ. మందపు పొర తన మందములో సగమునకు పైగా ప్రక్కకు ఒరగవలెను, 6 మి.మీ. పొరకు ఆ ఒరుగుడు సగమై పోవును. పారదర్శకమైన కప్పుగుండా ఎండలోని అతినీలలోహిత కిరణములు జిగురును చెరచును గనుక అంచున నల్లని పూత వేయవలెను. సిలికోను వాడువారు దాని వాసనను పరీక్షింపవలెను. పుల్లని వాసన వచ్చుచో అది గట్టిపడునప్పుడు అసిటిక్ ఆమ్లమును విడుచునది, లోహమును తినివేయగలదు.

మెదక్ కిటికీలు, కంటిలోని పెంకు

ఈ విద్య విమానములతో పుట్టినది కాదు. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీలను చూడని విద్యార్థి ఆ ప్రాంతమున ఉండడు. ఇట్టి కిటికీలలో గాజుముక్కలను మెత్తని సీసపు పట్టీలలో పొదిగి, సందులలో లప్పమువంటి ముద్ద నింపుట సంప్రదాయము. సీసము మెత్తన గనుక గాజునకు కదలుటకు తావిచ్చును. పెళుసైనదానిని మెత్తనిదానితో పట్టవలెనన్న సూత్రము ఆ పనివారు ఎరుగుదురు.

ఆక్రిలిక్‌కు మరియొక చరిత్ర కలదు. 1933 ప్రాంతమున జర్మనీలో ప్లెక్సిగ్లాస్ అనియు, పిమ్మట ఇంగ్లండులో పెర్‌స్పెక్స్ అనియు పేరొందిన ఈ పదార్థము రెండవ ప్రపంచ యుద్ధములో విమానముల కానోపీ అయినది. పగిలిన కానోపీ పెంకులు కంటిలో దిగిన విమానచోదకులను పరీక్షించిన హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు, ఆ పెంకులను కన్ను సహించుచున్నదని గమనించెను. 1949లో లండనులో అతడు శుక్లము తీసిన కంటిలో ఆక్రిలిక్ కటకమును అమర్చెను. నేడు మన ఊళ్లలో అవ్వలకు, తాతలకు కంటిలో పెట్టు కటకముల కథ అక్కడ మొదలైనది.

ఉపాధ్యాయులు చేయదగినది

నామఫలకములు చేయు దుకాణములో 30 సెంటీమీటర్ల ఆక్రిలిక్ పట్టీ ఒకటి, అంతే పొడవుగల పలుచని అల్యూమినియము పట్టీ ఒకటి తెచ్చి, రెండు చివరల మరలతో గట్టిగా బిగించి 70 డిగ్రీల నీటిలో ముంచవలెను. ఆక్రిలిక్ వెలుపలివైపుకు వచ్చునట్లు జంట వంగును. గది వేడిమి 25 డిగ్రీలైన రెంటి పెరుగుదలలో భేదము సుమారు 0.6 మి.మీ. తరువాత ఆక్రిలిక్‌కు ఒక చివర రంధ్రమును పొడవుగా తొలిచి, మర కొంచెము వదలి మరల ముంచవలెను. ఈసారి వంపు చాలవరకు కనబడదు. వేడినీటితో పని గనుక ఉపాధ్యాయుడే ముంచి తీయవలెను. ద్విలోహ పట్టీ, కరదీపికలోని వదులు రంధ్రము, కానోపీ చీలుట మూడును ఒకే గంటలో బోధపడును.

కరదీపిక పనివానికి పనికివచ్చినది; అందుకు దానికి కృతజ్ఞత చెప్పవలెను. కాని నియమమును మాత్రము అప్పగించి కారణమును తనవద్దనే దాచుకొను పుస్తకము, పరిస్థితి మారిన క్షణమున పాఠకుని ఒంటరిగా వదలును. మన తరగతి గదులలో సూత్రమును మాత్రము వల్లెవేయించి, ఉపయోగమును వదలివేయుట ఇదే దోషమునకు రెండవ ముఖము. కారణము లేని నియమము, పని లేని సూత్రము రెండును సగము చదువులే. ఈసారి ఆకాశమున విమానపు చప్పుడు విని పిల్లలు తల పైకెత్తినప్పుడు, ఆ కప్పును పట్టియున్న మర రంధ్రము ఎంత వదులుగా ఉండవలెనో లెక్కవేయుడని ఉపాధ్యాయుడు అడుగవలెను. అందుకు కావలసిన అంకెలన్నియు ఇప్పుడు వారివద్ద కలవు.